ఫైలా, ఫోల్డరా

తెర మీద ఒకటే మాట. ఫైళ్లు కాపీ అవుతున్నాయి. దాని పైన చుక్కలు గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతున్నాయి. అవుతున్నాయని అదే అంటోంది, కావడం లేదని నాకు తెలుసు. ఎర్ర అక్షరాలు లేవు, తప్పు జరిగిందన్న కబురు లేదు. చచ్చిన యంత్రమైతే చచ్చానని చెబుతుంది. ఇది చావలేదు, బతకలేదు. అత్యవసర వార్డులో ఉన్న కంప్యూటర్లన్నిటిదీ ఇదే వరస. నర్సుల బల్ల మీదది, మందుల గదిలోది, మంచం పక్కన చక్రాల బండి మీదది, అన్నీ ఒకే మాట పట్టుకుని నిలబడ్డాయి, చర్చిలో పాట మధ్యలో మరిచిపోయిన పిల్లల్లా. పాత సిస్టం ఇక పనికిరాదు, తీసేసి కొత్తది వేయమని నగరంలోని పెద్దాఫీసు ఆజ్ఞ. ఇదివరకులా నేను ఒక్కోదాని ముందు కూర్చోనక్కర్లేదు. మీట నొక్కితే చాలు, ఒళ్లంతా తుడిచేసుకుంటుంది, కొత్త సిస్టం తనే వేసుకుంటుంది, చివరికి సర్వరు దగ్గరికి వెళ్లి వార్డు ఫోల్డరు తెచ్చుకుంటుంది. ఆ ఫోల్డరులోనే అన్నీ. పసిపిల్ల బరువుకి ఎంత మందు, గుండె ఆగినవాడికి ఏది ముందు ఏది తర్వాత, మందుల అలమారా తాళం తెరిచే ప్రోగ్రాము. తుడుచుకోవడం మాత్రం శుభ్రంగా తుడుచుకున్నాయి. తుడిచెయ్యడం ఎవరికైనా వస్తుంది. ఫోల్డరు రాకపోతే అలమారా తెరుచుకోదు, అలమారా తెరుచుకోకపోతే వార్డు లేదు. సాయంత్రం డ్యూటీ మారేలోపు తెరలు రాకపోతే తలుపుకి బోర్డు తగిలిస్తానని వార్డు పెద్ద నర్సు వెర్నా చెప్పేసింది. అత్యవసర విభాగం మూసి ఉన్నది, పక్క ఊరి ఆస్పత్రికి వెళ్లవలెను. పక్క ఊరు. ఎంత తేలిగ్గా రాశారో. రాసినవాడు ఆ దారిన జనవరిలో వెళ్లి ఉండడు. నేను వెళ్లాను.

"ఏం తాతా, నీ పెట్టెలు గుడ్లు పొదుగుతున్నాయా?" అంది డెల్ఫిన్. నర్సు. సరస్సు అవతలి ఒడ్డు పిల్ల, నోరు ఊరుకోదు.

"పొదుగుతున్నాయి."

"పిల్లలెప్పుడు బయటికొస్తాయి?"

"నువ్వు నోరు మూస్తే."

"అయితే ఈ ఊరికి ఆస్పత్రి లేనట్టే," అని నవ్వి, కాఫీ కప్పు నా మోచేతి పక్కన పెట్టి పోయింది. నేను తాగలేదు.

తీగ లాగి చూశాను, గట్టిగానే ఉంది. గోడ అలమారాలో నెట్‌వర్క్ పెట్టె పచ్చగా మిణుకుతోంది. సర్వరు పిలిస్తే పలుకుతోంది. నేను పరీక్షకి పెట్టుకున్న కంప్యూటర్లో అదే ఆదేశం చేత్తో కొట్టి చూశాను, రెప్ప వేసేలోపు ఫోల్డరంతా వచ్చి పడింది. చేత్తో చేస్తే వస్తుంది, దానంతటదే చేస్తే రాదు. ఇందులో మర్మమేమిటి? బహుశా అనుమతి. కొత్తగా తుడుచుకున్న యంత్రానికి ఇంకా పేరు లేదు, ఊరు లేదు. సర్వరు గుమ్మం దగ్గర నిలబడి నేనూ మీవాణ్ణే అంటే ఎవరు నమ్ముతారు? ఎవరు నువ్వు అంటుంది సర్వరు, తలుపు తియ్యదు. కాని అలా అయితే తియ్యనన్న మాటైనా కంప్యూటరు రాసుకునే చిట్టాలో పడాలి. పడలేదు. కాపీ మొదలైంది అన్న వాక్యం దగ్గర చిట్టా ఆగిపోయింది, తర్వాత తెల్ల కాగితం. పొమ్మనలేదు, రమ్మనలేదు. అది వేరే రకం గుమ్మం. ఆ జనవరిలో నాకు ఎదురైంది పొమ్మన్న గుమ్మమే. గాజు తలుపు, లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి, తడారని నేల మెరుస్తోంది, నేను పిడికిలితో కొడుతుంటే గాజుకి అవతల వెర్నా వచ్చి నిలబడింది. వేలితో బోర్డు చూపించింది. అటువైపు ఆమె వేలు, ఇటువైపు నా పిడికిలి, మధ్యలో ఆ అక్షరాలు. బండిలో నా భార్య లెస్యా ఉందని చూపించాను. ఆమె వేలు కదల్లేదు. ఆ వేలు నాకు ఇప్పటికీ తెలుసు, గోరు పక్కన చిన్న గాటు, కాగితం కోసుకున్న గాటు.

లెస్యాని కూడా నేను క్షమించలేదు. చచ్చినవాళ్లని క్షమించాలంటారు. ఎందుకు? చచ్చిపోవడం ఏమంత గొప్ప పని? ఆ మధ్యాహ్నమంతా చర్చి కింద గదిలో ఆడవాళ్లతో కూర్చుని పండగ భోజనానికి పెరోగీలు నొక్కింది. పిండి బిళ్లలో బంగాళదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కడం, పెట్టడం, నొక్కడం. ఇంటికొచ్చి చెయ్యి లాగుతోందంది. పిండి పిసికి పిసికి, అంది. ఎడమ చెయ్యి పట్టుకుని చెప్పింది ఆ మాట. లెస్యా పిండి పిసికేది కుడి చేత్తో. అది ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. కాస్త వామునీళ్లలాంటిది ఏదో తాగింది, గిన్నెలు కడిగింది, రేపటికి ఇంకా ఉల్లిపాయలు వేయించాలంది. ఈ దేశపు పొలాల ఆడవాళ్లకి చావు కూడా గిన్నెలు కడిగాకే రావాలి. బండి ఎక్కించేటప్పుడు పొయ్యి ఆపావా అని అడిగింది. ఆస్పత్రి గుమ్మం నుంచి నేను ఒక్కణ్ణే తిరిగొచ్చి బండి వెనక్కి తిప్పుతుంటే, "తలుపు తియ్యలేదా?" అంది. అంతే అడిగింది. నేను జవాబు చెప్పలేదు. అడగాల్సింది నన్ను కాదు. దారంతా మంచు పాముల్లా పాకుతోంది, ధాన్యం గిడ్డంగి దీపం ఒకటి దూరంగా కనిపించింది, అది దగ్గరికి రావడానికి ఒక జన్మ పట్టింది, దాన్ని దాటేటప్పటికి నా పక్కన ఎవరూ ఊపిరి తీస్తున్న చప్పుడు లేదు. నేను ఆపలేదు. పక్క ఊరికి వెళ్లవలెను అని రాసి ఉంది కదా, వెళ్లాను.

అంత్యక్రియల తర్వాత ఊరంతా వంటలు తెచ్చారు, అది ఇక్కడి మర్యాద. గిన్నె అడుగున టేపు మీద పేరు రాసి ఇస్తారు, తిన్నాక కడిగి తిరిగివ్వాలి. వెర్నా కూడా ఇచ్చింది, నూడిల్సు, పైన చీజు. కుక్కకి వేశాను, కుక్క తింది, దానికి మానం లేదు. గిన్నె తిరిగివ్వలేదు. షెడ్డులో ఉంది, అందులో మేకులు పోసుకుంటాను. వెర్నా పెన్నర్ అని టేపు మీద గుండ్రటి అక్షరాలు. ఈ ఊళ్లో గిన్నె తిరిగివ్వకపోవడమంటే మొహం మీద ఉమ్మెయ్యడమే. ఆమెకి అర్థమైంది. ఒక్కసారి కూడా అడగలేదు.

"వాసిల్." అదుగో, మాటల్లోనే వచ్చింది. చేతిలో బోర్డు, ప్లాస్టిక్ తొడిగినది, మణికట్టుకి టేపు చుట్ట తగిలించుకుంది గాజులా. "అవుతుందా, అవదా?"

"తెలీదు."

"తెలీదంటే నేను అంబులెన్సు వాళ్లకి ఏం చెప్పను? ముందే చెప్పాలి కదా. సగం దారి వచ్చాక వెనక్కి పొమ్మంటే ఎలా?"

"అలా పొమ్మనడం నీకు కొత్తా?"

ఆమె మణికట్టు మీది టేపు చుట్టని ఒకసారి తిప్పింది. ఇన్నాళ్లలో ఆ మాట నేను మొహాన అనడం ఇదే మొదటిసారి. అనాలని అనలేదు, వచ్చింది. "ఆ రోజు లోపల డాక్టరు లేడు వాసిల్," అంది, నెమ్మదిగా. "వస్తానన్నవాడు రాలేదు. తలుపు తీసి నీకేం చూపించమంటావు, ఖాళీ కుర్చీనా? లోపలికి రానిస్తే ఇక్కడే కూర్చుంటావు. వెళితే కనీసం..."

"కనీసం?"

"ఏం లేదు. డ్యూటీ మారేదాకా ఆగుతాను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు." బోర్డు ఎదకి అదుముకుని పోయింది, బడిపిల్ల పలక పట్టుకున్నట్టు. ఆమె చేతుల్లో ఎప్పుడూ ఏదీ లేదు. ఆ బోర్డు తప్ప.

పెద్దాఫీసుకి ఫోను చేశాను. చెయ్యకూడదనే అనుకున్నాను. అక్కడ మారిబెల్ అని ఒకావిడ, ఈ ఆటోమేటిక్ తంతంతా చూసేది ఆవిడే, మనీలాలో చదువుకుని వచ్చింది. నెలనెలా ఫోనులో వినే గొంతే కాని మనిషిని చూడలేదు. చివరి ఆదేశం, ఆ కాపీ వాక్యం, నేను రాసిందే. మా వార్డు ఫోల్డరు మా ఊరి సర్వరులో ఉంది కాబట్టి అది మీరే రాసుకోండి అంది ఆవిడ అప్పట్లో. రాశాను. ఒక వాక్యం. ఇక్కడినుంచి ఎత్తు, అక్కడ పెట్టు.

"ఎర్రర్ ఏమన్నా చూపిస్తోందా?"

"లేదు."

"ఆగిపోయిందా?"

"ఆగలేదు. నిలబడింది."

"రెండిటికీ తేడా ఉందా సార్?" నవ్వు వినిపించింది. తర్వాత ఏదో నములుతున్న చప్పుడు. ఊరు తగలబడుతుంటే ఈవిడకి చిరుతిండి. "మీరు చేత్తో చేస్తే వచ్చిందన్నారు. ఆ కంప్యూటర్లో ఫోల్డరు అంతకుముందే ఉందా?"

"పోయినసారి పరీక్షించినప్పటిది ఉంది."

"తీసెయ్యండి. తీసేసి, ఫోను బల్ల మీద పెట్టి, మళ్లీ చెయ్యండి. నేను వింటాను."

వినడానికేముంది ఇందులో, సంగీతమా? తీసేశాను. ఆదేశం కొట్టాను. ఫోల్డరు వచ్చి పడింది.

"వచ్చింది," అన్నాను.

"ఏం నొక్కారు?"

"ఆదేశం కొట్టి ఎంటర్ నొక్కాను."

"దాని తర్వాత?"

"ఏం నొక్కలేదు."

"నొక్కారు సార్. టక్కుమంది. నాకు వినిపించింది."

"నొక్కలేదంటే నొక్కలేదు."

"సరే, మీరు నొక్కలేదు, మీ ఇంటి దెయ్యం నొక్కింది. మళ్లీ తీసెయ్యండి. ఈసారి ఎంటర్ కొట్టగానే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకోండి."

పెట్టుకున్నాను. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ పేరు ఫైలుదా, ఫోల్డరుదా? ఫైలైతే ఎఫ్ నొక్కు, ఫోల్డరైతే, అంటే డైరెక్టరీ అయితే, డి నొక్కు. నా జేబులో వేలు కదిలింది. నేను చూస్తుండగానే, నా ప్రమేయం లేకుండా, గుడ్డలోపల డి కోసం వెతికింది. ఎన్నేళ్లుగా ఈ వేలు ఈ ప్రశ్నకి జవాబు చెబుతోందో నాకు తెలీదు. కన్ను చదవకముందే, బుర్రకి చేరకముందే, టక్. నాకు ప్రశ్నే లేదు. యంత్రానికి ఉంది. అక్కడ ఫోల్డరు లేదు, ఇదేమిటో చెప్పు అంటోంది. ఆదేశం నడిచే ఆ తెర కిటికీ కనిపించకుండా చెయ్యమని రాసిందీ నేనే, నర్సులు నల్ల తెర చూసి బెదరకూడదని. వార్డంతటా అన్ని కంప్యూటర్లూ కనిపించని కిటికీలో ఆ ప్రశ్న అడిగి, ముందు ఎవరూ లేని కీబోర్డు దగ్గర జవాబు కోసం నిలబడ్డాయి. మధ్యాహ్నం నుంచీ. అలా వదిలేస్తే కరెంటు పోయేదాకా నిలబడతాయి.

"దొరికిందా?" అంది మారిబెల్.

"ఊఁ."

"అందరూ చేసేదే సార్. నేనూ చేశాను, ఒక బడి జిల్లా మొత్తం ఆపేశాను ఓసారి. వాక్యం చివర ఏటవాలు గీత పెట్టండి, పక్కన ఐ చేర్చండి. ఇది ఫోల్డరే, ఇంక నన్ను అడక్కు అని చెప్పినట్టు."

కృతజ్ఞత చెప్పాలి. చెప్పలేదు. ఆవిడ ఎదురుచూడనూ లేదు, ఫోను పెట్టేసింది.

గీత పెట్టాను. ఐ చేర్చాను. గోరంత. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి తుడుచుకుని రావాలి, మధ్యలోంచి ఎత్తుకోవడం దానికి చేతకాదు. డ్యూటీ మారేలోపు ఒక్కసారికే వ్యవధి ఉంది. రెండోసారికి లేదు. అన్నిటికీ మీట నొక్కాను, తెరలు నల్లబడ్డాయి, ఇక నా చేతులకి పని లేదు. గోధుమ పొలాల మధ్య ఉన్న మా చిన్నప్పటి బడి ఒకటే గది. ఇంట్లో మాది ఉక్రెయిన్ మాట, బళ్లో ఇంగ్లీషు. మొదటి రోజు టీచరమ్మ నా ముందు నిలబడి ఏదో అడిగింది. నాకు తెలిసిందల్లా అది ప్రశ్న అని, గొంతు చివర పైకి లేచింది కాబట్టి. నిలబడ్డాను. మళ్లీ అడిగింది. నిలబడ్డాను. నువ్వు చెవిటివాడివా, మొద్దువా అని అడిగిందట, తర్వాత పెద్ద పిల్లలు చెప్పి నవ్వారు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పాలి, మూడోది లేదు. సాయంత్రం గంట కొట్టేదాకా నన్ను గోడ దగ్గర నిలబెట్టింది. ఆ తర్వాత నేను నేర్చుకున్నది నల్లబల్ల మీద ఉన్నది ఉన్నట్టు కాపీ చెయ్యడం. అర్థం తెలియకుండా, ఒక్క అక్షరం పోకుండా. నా దస్తూరీకి బహుమతి ఇచ్చారు. అర్థం చాలా ఏళ్లకి వచ్చింది, వచ్చాక దానివల్ల ఒరిగిందేమీ లేదు. తలుపు తియ్యలేదా. ఆ మాట చివర లెస్యా గొంతు కూడా పైకి లేచింది. అది నిజంగా ప్రశ్నేనా, లేక నా మొహం చూసి తెలుసుకుని ఊరికే అన్నదా? ఇప్పుడెవరిని అడగను? చలిలో నా చేతులు స్టీరింగు మీద ఉన్నాయి. ఇది కాక ఇంకేమడిగినా చెప్పేవాణ్ణి. పొయ్యి ఆపానని చెప్పాను కదా.

తెరలు తెల్లబడ్డాయి. సిస్టం పరుచుకుంటోంది. డ్యూటీకి వచ్చే నర్సు కారు బయట ఆగింది, తలుపు చప్పుడైంది. వెర్నా గాజు తలుపు దగ్గర నిలబడి టేపు అంచు గోటితో లేపుతోంది, ఆ చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది, పుండు మీద పట్టీ పీకినట్టు. ఒక మూల అంటించింది. ఇంకో మూల. కాళ్లు లేవబోయాయి, లేవలేదు. లేచి ఏం చేస్తాను, చెయ్యి పట్టుకుంటానా? ఫైళ్లు కాపీ అవుతున్నాయి. చుక్కలు. మళ్లీ అదే మాట, అవే చుక్కలు, అబద్ధం చెప్పేటప్పుడూ నిజం చెప్పేటప్పుడూ దీని మొహం ఒక్కటే. మూడో మూల. వెర్నా మొహమూ అంతే, ఆ రోజు గాజు వెనక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, జాలి పడిందో విసుక్కుందో చెప్పే గీత ఒక్కటి లేదు. చుక్కలు ఆగాయి. తెర ఒక్కసారి చీకటైంది. నర్సుల బల్ల మీద నీలం రంగు వచ్చింది, పేరు అడిగే గడి వచ్చింది, మందుల గదిలోంచి అలమారా తాళం కటుక్కుమన్న చప్పుడు వచ్చింది.

"పిల్లలు బయటికొచ్చాయి!" అని అరిచింది డెల్ఫిన్. "వెర్నా, ఆ దిష్టిబొమ్మని పీకెయ్!"

వెర్నా పీకింది. టేపుతో పాటు కొంచెం రంగు ఊడింది. నా వైపు చూసి ఏదో అనబోయింది. నేను పెట్టెలో తీగలు చుట్టుకుంటున్నాను.

గుమ్మం ముందు పికప్పు ఆగింది. ఎల్మర్ దిగాడు, ఎరువుల కొట్టు ఎల్మర్, పొట్టి నిక్కరు, బొటనవేలికి గాలం గుచ్చుకుని ఉంది, దానికి రంగురంగుల ప్లాస్టిక్ చేప వేలాడుతోంది, రెండో చేతిలో ఐసుక్రీము. తట్టలేదు. తట్టాల్సిన పని లేదు, అంత దూరంలో ఉండగానే గాజు తలుపు పక్కకి జరిగి దారి ఇచ్చింది.

"నవ్వకండి," అన్నాడు. "పట్టుకోవాల్సింది చేపని, పడింది నేను."

"ఎంత బరువుంటావు ఎల్మర్? రికార్డు కొట్టావేమో," అంది డెల్ఫిన్.

"ఇంత చిన్నదానికి వచ్చి విసిగిస్తున్నాను. మా ఆవిడ కటింగు ప్లేయరుతో లాగేస్తానంది, భయమేసింది."

"అయ్యో, దానికేముంది," అంది వెర్నా. అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. "మేమున్నది అందుకే కదా."

పెట్టె చేత పట్టుకున్నాను. వెనక తలుపు నుంచి పోవడం నా అలవాటు. ముందు తలుపు వైపు నడిచాను. నన్ను చూసి అది తెరుచుకుంది. గడప మీద నిలబడ్డాను. బయట ఎండ ఇంకా పోలేదు, పసుపు పొలాలు, ఆ వెనక పక్క ఊరి రోడ్డు, తిన్నగా, ఒక్క మలుపు లేకుండా. తలుపు మూసుకోబోయి, నేనున్నానని తెలిసి, వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ వెనక్కి పోయింది.

"వాసిల్," అంది వెర్నా లోపలినుంచి. "దోమలొస్తున్నాయి. అటో ఇటో జరుగు."

నేను జరగలేదు.